పడిపోయిన సంఘంలో పెండ్లి

"చంద్రప్పన్నా, రొట్టెలు పెట్టిన. చల్లారకముందే తిను."

వసారాలో నులక మంచం మీద కూర్చున్న చంద్రప్ప ఉలిక్కిపడ్డాడు. ఎన్నో ఏళ్లుగా తనను "ఏమయ్యా" అని పిలిచిన గొంతు అది. ఆదివారం నుంచి ఆ గొంతులో అతను అన్న అయ్యాడు. మంచం గదిలో నుంచి వసారాలోకి వచ్చింది. కంచం వంటింటి గడప లోపలి నుంచి బయటికి వచ్చింది. అన్నిటినీ బయటికి పంపిన మొగులమ్మ మాత్రం కోపంగా ఏమీ లేదు. ఊరి నుంచి పనిమీద వచ్చిన మర్యాదస్థుడికి వడ్డించినట్టు వడ్డిస్తోంది. అదే భరించరానిదిగా ఉంది.

"మొగులమ్మా, గట్ల పిలవకు."

"మరి ఎట్ల పిలవాలె? పరాయి మొగోన్ని అన్న అనక ఇంకేమంటరు?"

లోపలి నుంచి చంద్రప్ప తల్లి బుగ్గమ్మ కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి గడప మీద చతికిలబడింది.

"వీడు నీకు అన్నైతే, మరి నేను నీకేమైతనే?"

"అన్న తల్లివి. అంటే నాకూ అమ్మవే."

"ఔ మల్ల. అత్తనై ఉన్నన్ని దినాలు ఉత్త రొట్టె పెట్టినవు. అమ్మనైనంక నెయ్యి గూడ రాస్తున్నవు." బుగ్గమ్మ వేళ్లు నాక్కుంది. "ఒరేయ్ చంద్రప్పా, మీ సంఘాన్ని పడ్డకాడనే ఉండనియ్యిరా. లేపకు."

చంద్రప్ప రొట్టె తుంచాడు. వికారాబాదు జంక్షన్‌లో గూడ్సు గుమాస్తాగా అతనికి మంచి పేరుంది. ఇంటి దగ్గర మాత్రం ఒకే ఒక చెడ్డ గుణం ఉంది. ఒక మాట నిజమని తోస్తే, దాని వెనక వచ్చే మాటను కూడా నిజమని ఒప్పుకోకుండా ఉండలేడు. మాటకు మాట తగిలించుకుంటూ ఎంత దూరమైనా పోతాడు. దారిలో గొయ్యి కనిపించినా, తర్కం అటే పోతున్నది కనుక తానూ అటే పోతాడు.

ఆదివారం నాడు జరిగింది అదే. తాండూరులో కొత్తగా వెలసిన క్రైస్తవ సంఘానికి బోధకుడైన బాల్‌రాజ్, ఇదే వసారాలో కూర్చొని, క్రీస్తు పంపిన అపొస్తలుల తరం గతించగానే సంఘం దారి తప్పిందని చెప్పాడు. రాజుల నీడ చేరి, మనుషుల ఆచారాలు మెడకు కట్టుకొని, అసలు సంఘం పడిపోయిందన్నాడు. పడిపోయిన సంఘం చల్లిన నీటిచుక్కలు బాప్తిస్మం కావన్నాడు. చంద్రప్ప తల ఊపాడు. అతని మనసులో ఎన్నాళ్ల నుంచో నలుగుతున్న సందేహం అది.

వంటింట్లో నుంచి మొగులమ్మ అడిగింది. "అయితే గా మిషన్ గుడిల అయిన మా పెండ్లి?"

ఇంకెవరైనా అయితే దగ్గేవారు. చంద్రప్ప ఆలోచించాడు. ఆలోచించి, "న్యాయంగా చూస్తే అదీ నిలవదు" అన్నాడు.

లోపల రొట్టె తట్టే చప్పుడు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దాన్ని చంద్రప్ప అంగీకారం అనుకున్నాడు.

*

మరునాడు ఉదయం బండికి బాల్‌రాజ్ మళ్లీ వచ్చాడు. ఈ ఆదివారం కాగ్నా నదిలో చంద్రప్పకు ముంపు బాప్తిస్మం. నది మడుగులో నడుము లోతు నీళ్లు నిలిచిన చోటు చూసి వచ్చానని చెప్పడానికి ఉత్సాహంగా అడుగుపెట్టినవాడు, వసారాలో మంచాన్నీ, మంచం పక్కన కంచాన్నీ, చంద్రప్ప ముఖాన్నీ చూసి గొడుగు ముడుచుకున్నాడు.

"పెండ్లి మాట నేనన్ననా సార్? నేను బాప్తిస్మం కాడ ఆగిన. మీరే ముందుకు పోయిండ్రు."

"ఆగేతందుకు కారణం ఉండాలె గద తమ్మీ. చుక్కలు చల్లిన చెయ్యి చెల్లకపోతే, అదే చెయ్యి కలిపిన పెండ్లి ఎట్ల చెల్లుతది?"

"పెండ్లి వేరు సార్. అది సంఘం లేనోళ్లకు గూడ ఉన్నది."

"అయితే పడిపోయినదాంట్ల ఒకటి నిలిచిందన్నట్టు. ఒకటి నిలిస్తే రెండోది ఎందుకు నిలవదు?"

బాల్‌రాజ్ చెంబెత్తి నీళ్లు తాగాడు. చాలాసేపు తాగాడు. ఆ యువకుడిది కపటం లేని విశ్వాసం. తన ఉపదేశాన్ని ఇంత గట్టిగా నమ్మిన మనిషిని మాత్రం అతను ఇంతవరకు చూడలేదు.

అప్పుడు మొగులమ్మ ఇనుప పెట్టెతో బయటికి వచ్చింది. ఆదివారం గుడికి కట్టే తెల్లచీర కట్టుకుంది.

"యాడికి?" చంద్రప్ప లేచాడు.

"తాండూరుకు. మా అన్న ఇంటికి. పెండ్లి గాని ఆడమనిషి పరాయి మొగోని ఇంట్ల ఉంటే నలుగురు ఏమంటరు?"

"నేను ఒక సిద్ధాంతం చెప్పిన, అంతే గని..."

"సిద్ధాంతం అంటే ఏంది? చెప్పొచ్చు గని చెయ్యొద్దా?"

చంద్రప్ప ఇన్నేళ్లుగా ఇతరులను అడుగుతూ వచ్చిన ప్రశ్న అది. అది తన ఇంటి వంటింట్లోనే పెరుగుతున్నదని అతనికి తెలియలేదు.

"అమ్మా, జర నువ్వన్న చెప్పు."

బుగ్గమ్మ అప్పటికే చెప్పులు వెతుక్కుంటోంది. "చెప్పేదేంది? ఆగవే బిడ్డా, నేనూ వస్త. వీనికి చాయ గూడ పెట్టరాదు. పడిపోయిన సంఘాన్ని తిని బతుకుతడా?"

పెట్టె బరువుగా ఉంది. మోయడానికి చంద్రప్ప చేయి చాపాడు. మొగులమ్మ ఆ చేతి వైపు చూసి, పెట్టెను బాల్‌రాజ్‌కు అందించింది.

"నువ్వు వట్టు తమ్మీ. నీ దయనే గద."

*

స్టేషన్‌లో సిగ్నల్ దీపాలు తుడిచే చాంద్‌పాషాకు ఆ సంగతి బండి కదలకముందే తెలిసింది. సాయంత్రం దీపాల గదిలో గాజుచిమ్నీని గుడ్డతో రుద్దుతూ, ఎదురుగా కిరోసిన్ డబ్బా మీద కూర్చున్న మిత్రుడిని పరిశీలనగా చూశాడు.

"మీ సంఘం పడిపోయి ఎన్నాళ్లయింది భాయ్?"

"పద్దెనిమిది వందల ఏండ్ల మీదనే."

"మస్తు దినాలైంది. గన్ని తరాలు పరేషాన్ గాకుంట నడిపిండ్రు. నీకెందుకు ఫికర్?"

"నిజం తెలిసినంక తెలియనట్టు ఉండుడు ఎట్ల చాంద్‌పాషా?"

చాంద్‌పాషా చిమ్నీని వెలుతురుకు పట్టి చూశాడు. "ఒక మాట చెప్త, కోపం చెయ్యకు. నా నికా అయిననాడు ఈడ నిజాం సర్కారు. తర్వాత పోలీస్ యాక్షన్ అయింది, గా సర్కారు పడ్డది. మొన్న హైదరాబాద్ స్టేటే పోయింది. రైలు మీద రాసిన పేరు మారింది, టోపీ మీది బిళ్ల మారింది. గని ఒక్కనాడన్న మా ఇంటామె జహీరాబీ వచ్చి, నువ్వు నాకు ఎవరివి సాబ్ అని అడగలే. పడ్డ సర్కారు రాసిన నికా గట్లనే నడుస్తున్నది."

"రాజ్యం వేరు, సంఘం వేరు."

అనేసిన తరువాత చంద్రప్పకు తన మాట తనకే వినిపించింది. ఉదయం బాల్‌రాజ్ చెంబెత్తే ముందు అన్న మాట అదే. తర్కం నడవలేని చోట మనిషి "వేరు" అనే చిన్న పలకను వేసుకొని దాటుతాడు కాబోలు. ఇతరులు దాటుతున్నప్పుడు ఆ పలక కనిపిస్తుంది. తాను దాటుతున్నప్పుడు అది నేలలాగానే ఉంటుంది.

"సరే, నీ లెక్కనే పట్టుకుందాం. పెండ్లి గాలే. ఇప్పుడు గామె మీద నీకు దిల్ ఉన్నదా లేదా, గది చెప్పు."

చంద్రప్ప కిరోసిన్ డబ్బా మీద కదిలాడు. ఈ ప్రశ్నకు ముందూ వెనకా మరో ప్రశ్న తగిలించడానికి వీలు లేకపోయింది.

"ఉన్నది."

"ఇగ ఏముంది మరి? పిల్ల మంచిది, ఇంటోళ్లు మంచోళ్లు. పెద్దమనిషిని పంపి అడుగు."

"నా పెండ్లాన్ని నేను అడుగాల్నా?"

"పెండ్లాం గాదంటివి గద!"

"ఎవర్ని పంపాలె?"

చాంద్‌పాషా మసిగుడ్డ పక్కన పెట్టి, మీసం సవరించుకున్నాడు. "నేనేమన్న చిన్నమనిషినా?"

*

శనివారం మధ్యాహ్నం తాండూరులో భీమప్ప ఇంటి ముందు నున్నగా సానబట్టిన బండలు గోడకు వరసగా ఆనించి ఉన్నాయి. భీమప్ప మొగులమ్మకు అన్న; మిషన్ గుడి సంఘపెద్దల్లో ఒకడు. రాతిపొడి పట్టిన కనుబొమ్మల కింద నుంచి వచ్చినవాళ్లను చూసి, ఎన్నడూ చూడనట్టు ముఖం పెట్టాడు.

"రాండ్రి, రాండ్రి. పిలగాని తరపోళ్లా?"

"బావా, నేనే."

"బావ అనకు. ఇంక సంబంధం ఖాయం గాలే."

చాంద్‌పాషా గొంతు సవరించుకొని, వికారాబాదు స్టేషన్ తరఫున అన్నట్టు గంభీరంగా చాప మీద కూర్చున్నాడు. లోపలి గడప దగ్గర బుగ్గమ్మ ఆసీనురాలైంది.

"అమ్మా, నువ్వు ఇటు రా," అన్నాడు చంద్రప్ప.

"నేను పిల్ల తరపు," అంది బుగ్గమ్మ. "మాకు తొందరేం లేదు."

భీమప్ప మొదలుపెట్టాడు. "పిలగాని వయసు?"

"జర పెద్ద పిలగాడే," అన్నాడు చాంద్‌పాషా. "గని పండ్లన్నీ ఉన్నయి."

"నౌకరీ?"

"రైల్వేల. పర్మనెంట్."

"తాగుడు, పేకాట?"

"ఏం లేవు. సోచాయిస్తడు, ఊకె ఆలోచనలు జేస్తడు. అదొక్కటే ఖరాబు అలవాటు."

"ఇంతకుముందు పెండ్లి అయిందా?"

చాంద్‌పాషా చంద్రప్ప వైపు చూశాడు. చంద్రప్ప బండల వైపు చూశాడు.

"చెప్పనియ్యి," అన్నాడు భీమప్ప తాపీగా. "అయిందంటే, పెండ్లాం లోపలనే ఉన్నది, చెయ్యి పట్టుకొని తీసుకపో. కాలేదంటే, మా చెల్లెతోని ఇన్నేండ్లు ఏ లెక్కల సంసారం చేసినవో జర మాకు చెప్పు."

రెండు వైపులా గోడే. సరిగ్గా అప్పుడే, మరునాటి బాప్తిస్మం సంగతి మాట్లాడడానికి వచ్చిన బాల్‌రాజ్ గొడుగుతో, చంకలో బైబిలుతో వాకిట్లో నిలబడ్డాడు. ప్రశ్న తన మీద నుంచి తొలగినందుకు చంద్రప్ప లోలోపల కృతజ్ఞుడయ్యాడు.

"వచ్చిండు, గోడలు కూలగొట్టేటోడు," అన్నాడు భీమప్ప. "కూర్చో తమ్మీ. ఒకటి చెప్పు. సంఘం పడిపోయిందంటివి. పాతాళం గూడ దాన్ని గెలవలేదని ప్రభువు మాట ఇచ్చిండా లేదా? మాట ఇచ్చి మరిచిండా?"

"తోడేళ్లు వచ్చి మందల దూరుతయని అపొస్తలుడే కండ్ల నీళ్లు పెట్టుకొని చెప్పిండు పెద్దయ్యా. రాక ఉంటయా?"

"వచ్చినయి. గొర్రెలను తిన్నయి, కాదన్న. గని గొల్లోడు లేచి పోయిండా? బండ ఒరుగుడు వేరు, పడుడు వేరు. సరే, పడ్డదే అనుకో. నీ చంకల ఉన్న వేదాన్ని నీ దాకా ఎవరు మోసిండ్రు? గా పడ్డోళ్లే గద?"

"గాడిద గంధం మోస్తది. వాసన దానిదైతదా?"

చాంద్‌పాషా "వహ్వా" అన్నాడు. భీమప్ప చూసిన చూపుకు ఆ మెచ్చుకోలును మింగి, పెండ్లిపెద్ద ముఖం తిరిగి పెట్టుకున్నాడు.

"ఎవరు గాడిద?" భీమప్ప లేచాడు. "మా అయ్యనా? ఊరు వెలేసినా గుడి విడవని మా అయ్య గాడిదా?"

"నేను మీ అయ్యను అనలే..."

"చుక్కల బాప్తిస్మమే మా అయ్యది గూడ!"

"కూర్చోండ్రి," అంది మొగులమ్మ.

ఇత్తడి పళ్లెంలో చాయ గ్లాసులతో ఆమె గడప దాటి వచ్చింది. పెండ్లిచూపుల పిల్ల లాగా తల దించుకోలేదు. అందరికీ గ్లాసులు ఇచ్చి, చివరిది చంద్రప్ప ముందు పెట్టి, ఎదురుగా నేల మీద కూర్చుంది.

"పిల్ల ఒక్క మాట అడుగొచ్చునా?"

"అడుగు," అన్నాడు చంద్రప్ప. బాప్తిస్మం గురించో, పెండ్లి గురించో అడుగుతుందనుకున్నాడు. రెండింటికీ జవాబులు దారిపొడుగునా రైల్లో సిద్ధం చేసుకొని వచ్చాడు.

"మన దానియేలుకు పానం మీదికి వచ్చిననాడు పాస్టరయ్య వానల తడుసుకుంట మన ఇంటికి వచ్చిండు. చెంబుల నీళ్లు తీసుకొని పిలగాని నెత్తి మీద చల్లిండు."

చంద్రప్ప చేతిలో గ్లాసు ఆగింది. ఆ పేరు వాళ్లింట్లో పలకరు. వాళ్ల పిల్లవాడు బతికింది కొన్ని నెలలే; వాడు పోయి ఎన్నో ఏళ్లయినా, ఆ పేరు చుట్టూ తిరిగి పోవడమే ఇద్దరికీ అలవాటు.

"పసివాండ్లకు బాప్తిస్మం అక్కర లేదు మొగులమ్మా," అన్నాడు మెల్లగా. "వాడు ప్రభువు దగ్గరనే ఉన్నడు. ఆ విషయంల బాల్‌రాజ్‌కు గూడ సందేహం లేదు."

"లేదమ్మా," అన్నాడు బాల్‌రాజ్ వెంటనే.

"నేను గది అడగలే." మొగులమ్మ కొంగు సర్దుకుంది. "ఆనాడు నేను నేల మీద మోకాళ్లేసి మొక్కిన. పడిపోయిన సంఘం నేర్పిన మొక్కే. నాకు ఇంకొకటి రాదు. గప్పుడు గా గదిల ప్రభువు ఉన్నడా, లేడా? నేను మొక్కింది ఎవరన్న విన్నరా? గది చెప్పు."

ఆనాడు చంద్రప్ప కూడా ఆ గదిలోనే ఉన్నాడు. చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి. తన తర్కం అప్పుడు ఏ మూల నిలబడి ఉన్నదో చంద్రప్పకు గుర్తు రాలేదు. శతాబ్దాలను దాటించి సంఘాన్ని పడగొట్టడం అతనికి సులభంగానే సాగింది. అంత పెద్ద సంఘం కూలుతున్నప్పుడు, దాని కింద ఈ ఒక్క గది ఉన్నదని అతను చూసుకోలేదు. ఇన్ని దినాలు ఆమె అలక తన మాట మీద అనుకున్నాడు. ఆమె అడుగుతున్నది పెండ్లిని గురించి కానే కాదు.

"విన్నడు," అన్నాడు.

"సార్," అన్నాడు బాల్‌రాజ్, కోపం లేకుండానే. "జర ఆలోచించి చెప్పుండ్రి."

"ఆలోచిస్తే చెప్పలేను తమ్మీ. అందుకే ముందే చెప్పిన."

భీమప్ప తొడ చరిచాడు. "అయిపాయె! విన్నడంటే సంఘం నిలబడ్డట్టే. చెల్లే, పెట్టె సర్దుకో."

"ఇంకొక మాట ఉన్నది," అన్నాడు చంద్రప్ప.

చాంద్‌పాషా కళ్లు మూసుకున్నాడు. "భాయ్, వద్దు. సంబంధం ఖాయమైతున్నది. ఊకో."

చంద్రప్ప ఊకోలేదు. "రేపు నేను కాగ్నాల మునుగుత. సంఘం పడిందని గాదు. నా మీద నీళ్లు చల్లిననాడు నాకు మాటలు గూడ రావు. మా అమ్మ ఎత్తుకపోయింది, పట్టుకొచ్చింది. నా అంతట నేను, తెలిసి, ఒక్కసారన్న ఔనని చెప్పి నీళ్లల్లకు దిగాలె. ఇది ఎవర్ని గెలిచేతందుకూ గాదు."

"అంటే సంఘం నిలబడ్డది, ఇగ నువ్వు పడ్తవా?" భీమప్ప నెత్తి పట్టుకున్నాడు. "మునిగినోని పేరు మా గుడిల ఉండదు. సంఘపెద్దను, నేనే కొట్టేయాలె. ఎరుకేనా?"

"ఎరుకే."

"నేను మొన్ననే చెప్పిన, ఈ సంఘాన్ని లేపొద్దని," అని బుగ్గమ్మ గొణిగింది.

బాల్‌రాజ్ ముఖం వికసించింది. జారిపోయిందనుకున్న మనిషి తిరిగి దొరికిన ఆనందంలో ముందుకు వంగి చంద్రప్ప చేయి పట్టుకున్నాడు. "ఏం భయపడకుండ్రి సార్. మునిగి లేచినంక పాత మనిషి ఉండడు. పాతవన్నీ గా నీళ్లల్లనే పోతయి."

మొగులమ్మ ఖాళీ పళ్లెం తీసుకొని లేచింది. గడప దాకా పోయి ఆగింది. ఆమె ముఖంలో కోపమో నవ్వో పోల్చుకోవడం చంద్రప్ప వల్ల కాలేదు.

"పొద్దున నేను గూడ వస్త," అంది. "ఒడ్డు మీద నిలబడ్త. పాతవన్నీ పోతయంటున్నడు గద తమ్మి. నేను పాతదాన్నే. చూసుకొని మునుగు."